పికప్ బాడీ మొత్తానికి బెడ్ లైనర్ కొట్టించాలా, తొట్టి వరకే చాలా?

గుణుపురం_పికప్:
అందరికీ నమస్తే. బండి బొలెరో పికప్, 9 అడుగుల తొట్టి, నాలుగో ఏడు నడుస్తోంది. సరుకు ఎక్కువగా యూరియా, పొటాష్, సిమెంటు బస్తాలు. సీజనులో పత్తి మూటలు. నెలకు రెండు మూడు ట్రిప్పులు గోపాల్‌పూర్ వైపు నుంచి ఐసుతో చేపలు. తొట్టి అడుగున గాడుల్లో తుప్పు మొదలైంది, పక్క డోర్ల కింది అంచుల్లో పెయింటు ఉబ్బింది. క్యాబిన్ రేకు బాగానే ఉంది కానీ గుమ్మా, మోహనా లోపలి రోడ్లలో వెదురు కొమ్మలు గీసిన గీతలు నిండా ఉన్నాయి.

బరంపురంలో ఒక షాపు క్యాబిన్‌తో సహా బండి మొత్తానికి బెడ్ లైనర్, అంటే రేకుని కాపాడే మందపాటి గరుకు పూత, కొడతామంటోంది. సాలూరులో బాడీలు కట్టేవాళ్లు తొట్టి లోపలికి కొడితే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి, ఎందుకు? పని జరిగేటప్పుడు దగ్గరుండి ఏమేం చూసుకోవాలి?

ఘాట్_326:
మొత్తం కొట్టించండి అన్నా. మన రోడ్లకి మామూలు పెయింటు ఆగదు. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ ఎక్కే ఘాట్‌లో ముందు లారీ టైరు విసిరిన కంకర తగిలితే ఎనామిల్ పెయింటు రేకు దాకా లేచిపోతుంది. రెండు డబ్బాల (సరుకు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ విడిగా వచ్చి కలిపి కొట్టే) పాలీయురేథేన్ లైనర్‌కి సాగే గుణం ఉంటుంది కాబట్టి దెబ్బ తీసుకుంటుంది, పెచ్చు లేవదు. వెదురు కొమ్మ గీత దాని గరుకులో కనపడనే కనపడదు. ఎక్కడైనా చెక్కుకుపోతే అంతవరకే రుద్ది మళ్లీ కొట్టుకోవచ్చు, పక్క భాగంతో షేడు కలపడానికి పాలిషులు అక్కర్లేదు. రంగు కలిపి వేసే రకాలున్నాయి, నలుపే ఉండాలని లేదు.

సాలూరు_షెడ్డు:
ఘాట్ అన్న రాళ్ల గురించి చెప్పింది నిజం. కానీ ఈ బండికి వచ్చిన జబ్బు రాళ్ల వల్ల వచ్చింది కాదు. డోరు కింది అంచు లోపలి నుంచి కుళ్లుతుంది. రెండు రేకులు మడిచిన మడతలోకి నీళ్లు, ఎరువు పొడి, చేపల ఉప్పునీళ్లు దిగుతాయి. అడుగున నీళ్లు పోయే చిన్న కన్నం మట్టితో మూసుకుపోతుంది. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఉప్పుకి అన్నదమ్ముడే, గాలిలో తేమ పీల్చుకుని రేకుని తింటుంది. బయట ఎంత మందంగా లైనర్ కొట్టినా లోపలి మడతకి ఒరిగేదేమీ లేదు.

పైగా మామూలు పెయింటు కింద తుప్పు పుడితే బుడగ లేచి ముందే చెబుతుంది. లైనర్ మందంగా, గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ బుడగ కనిపించదు. తెలిసేసరికి స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే దిగిపోతుంది. క్యాబిన్ స్తంభం కింద, మెట్టు దగ్గర, తలుపు అడుగున ఇలా జరిగితే రేకు కోసి కొత్తది అతకాలి. అప్పుడు ఆ లైనరే అడ్డం. పాలీయురేథేన్ మీద వెల్డింగు పెడితే వచ్చే పొగలో ఊపిరిని దెబ్బతీసే ఐసోసయనేట్, విషమైన సయనైడ్ రెండూ ఉంటాయి. అతికే చోటుకి చుట్టూ కనీసం అరచేయి వెడల్పున గీకి తీశాకే టార్చి ముట్టించాలి. సొట్ట పడినా అంతే. దాని మీద పుట్టీ నిలవదు, రేకు బయటపడే దాకా తీసి టింకరింగు చెయ్యాలి. గీతలకైతే ఘాట్ అన్న చెప్పినట్టు అతుకు వేసుకోవచ్చు, సొట్టలకి కుదరదు.

ఇంకో సంగతి. కొక్కేలు, గొళ్లాలు, తలుపు అంచులు బిగువు లెక్కతో చేసినవి. మెషిన్ లైనర్ 2 మిల్లీమీటర్ల మందం కొడతారు. రెండు అంచులూ కలిసే చోట అది 4 అవుతుంది. వెనక డోరు గొళ్లెం సుత్తితో కొట్టి వేయాల్సివస్తుంది. క్యాబిన్ తలుపు రబ్బరు గరుకు మీద సరిగ్గా కూర్చోదు, వానలో నీళ్లు లోపలికి కారతాయి.

నా మాట: తొట్టి లోపలికి లైనర్. డోర్ల మడతల్లోకి, క్యాబిన్ కింది డబ్బా సెక్షన్లలోకి సన్న గొట్టంతో మైనం స్ప్రే. నీళ్ల కన్నాలన్నీ తీగతో పొడిచి తెరవండి. క్యాబిన్‌కి మామూలు పెయింటే.

దామంజోడి_టిప్పర్:
టిప్పర్ వాళ్లు ఇది చదివి బాక్సైట్ తొట్టికి కొట్టించకండి. రాయి పడే చోట స్ప్రే లైనర్‌ని కోసేస్తుంది. గరుకు మీద తడి మట్టి అంటుకుని టిప్పింగ్‌లో సగం లోడు లోపలే ఉండిపోతుంది. అక్కడ పనికొచ్చేవి గట్టి ఉక్కు ప్లేటు, లేదంటే నున్నటి పాలిథిన్ షీటు. అది వేరే లెక్క, ఈ పికప్‌కి సంబంధం లేదు.

ఘాట్_326:
సాలూరు గారూ, మీరు చెప్పే 2 మిల్లీమీటర్లు వేడి మెషిన్‌తో కొట్టే పాలీయూరియాకి. బరంపురంలో ఎక్కువగా వాడేది డబ్బా కిట్టు. రాప్టర్ లాంటివి 750 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు, ఒక్కొక్క దానికి 250 మిల్లీలీటర్ల హార్డెనర్, మొత్తం 4 లీటర్లు. దాని పొర పలచన, ఆ మందానికి గొళ్లేలు బిగుసుకోవు.

సాలూరు_షెడ్డు:
ఒప్పుకుంటాను. అయితే అదే లెక్క తొట్టికి కూడా వేయండి. 9 అడుగుల తొట్టి 5న్నర వెడల్పు అనుకుంటే అడుగు 50 చదరపు అడుగులు. ఒకటిన్నర అడుగు ఎత్తు డోర్లు నాలుగు వైపులా కలిపి ఇంకో 43. మొత్తం 93, అంటే దాదాపు 8.6 చదరపు మీటర్లు. 4 లీటర్లు దాని మీద పరిస్తే తడి మందం 0.46 మిల్లీమీటర్లు. ద్రావకం ఎగిరిపోయాక ఇంకా తగ్గుతుంది. సిమెంటు బస్తా పడేసే అడుగుకి అది తక్కువ. ఒక కిట్టుతో తొట్టి, క్యాబిన్ రెండూ అయిపోతాయని ఎవరన్నా చెబితే రెండు చోట్లా పలచటి రంగు మిగులుతుంది, లైనర్ మిగలదు. ఈ తొట్టి ఒక్కదానికే రెండు కిట్లు పడతాయి, తొట్టి అడుగు భాగానికి మూడు పూతలు, డోర్లకి రెండు.

మెషిన్ పాలీయూరియా అయితే రెండున్నర మిల్లీమీటర్లకి 21 లీటర్ల పైచిలుకు, బండికి 22, 23 కిలోల బరువు. అది కొన్ని సెకన్లలోనే గట్టిపడుతుంది, బస్తాల దెబ్బకి చాలాకాలం నిలుస్తుంది. కానీ వేడి చేసి అధిక ఒత్తిడితో తోసే మెషిన్ ఉండాలి. మామూలు గన్‌తో కొట్టి అదే సరుకంటే నమ్మకండి. నల్ల రకాల్లో చాలావరకు ఎండకి బూడిద రంగు తిరుగుతాయి. బలం వెంటనే పోదు, కానీ చూపు పోతుంది. బయటి వైపుకి అది వద్దనడానికి అదీ ఒక కారణం.

రేకు_మేస్త్రి:
ఏ లైనరన్న గొడవ కన్నా కింద ఏముందన్నది పెద్ద ప్రశ్న. లైనర్ ఊడిపోయిన చాలా చోట్ల తప్పు లైనర్‌ది కాదు, రేకుని సిద్ధం చేయకపోవడంలో ఉంటుంది. గుణుపురం బాబూ, మీరు దగ్గరుండి చూడాల్సింది ఇదే.

ముందు కడగడం. ఎరువు, చేపల ఉప్పు ఉన్న తొట్టిని ప్రెషర్ నీళ్లతో రెండుసార్లు కడిగి, నూనె తీసే సబ్బు ద్రావణంతో రుద్ది, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. ఉప్పు ఉండగానే రుద్దితే దాన్ని రేకులోకి తొక్కినట్టే. తర్వాత పైనున్న పెయింటుని పరీక్షించాలి. టూకే (హార్డెనర్ కలిపి వేసే) పెయింటు థిన్నర్‌లో తడిపిన తెల్ల గుడ్డని పెయింటు మీద 30 సెకన్లు అదిమి పెట్టి రుద్దండి. రంగు గుడ్డకి వచ్చినా, మెత్తబడినా అది ఎనామిల్ లేదా మామూలు రెడాక్సైడ్. దాని మీద ఈ లైనర్ కొడితే పెయింటు ముడతలు పడి లేచిపోతుంది. దాన్ని పూర్తిగా తీయాల్సిందే. కంపెనీ పెయింటు అయితే సాధారణంగా నిలుస్తుంది, 180 నంబరు ఎమరీతో మెరుపంతా పోయేదాకా రుద్దితే చాలు. ఛాసిస్ వైపు పాత ఇంజను ఆయిలు పూసి ఉంటే, తారు కోటు ఉంటే, దాని మీద ఏదీ పట్టదు.

తుప్పు పట్టిన గాడుల్ని వైరు బ్రష్షు చక్రంతో, తర్వాత 80 నంబరుతో తెల్ల రేకు కనపడేదాకా తీయండి. లోతు గుంటల్లో మిగిలిన దానికి రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) వేసి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. కన్నం పడితే రేకు అతకండి, లైనర్‌తో పూడ్చకండి. అతుకుల మీద సందులు మూసే సీమ్ సీలెంట్. ఆ తర్వాత రెండు పూతలు ఎపాక్సీ ప్రైమర్. వట్టి రేకు మీద నేరుగా లైనర్ కొడతామంటే ఆ షాపు వదిలెయ్యండి. ప్రైమర్ వేసి రోజులు గడిచిపోతే మళ్లీ రుద్దకుండా లైనర్ వేయకూడదు, ప్రతి ప్రైమర్‌కి ఒక గడువుంటుంది, డబ్బా మీద చూసుకోండి.

మూసుకోవాల్సినవి: నీళ్ల కన్నాలు, బోల్టు తలలు, గొళ్లేలు, తాడు కట్టే కొక్కేలు, ఛాసిస్ నంబరు కొట్టిన చోటు, కంపెనీ ప్లేటు. కన్నాలకి మైనపు కడ్డీ పెట్టి, లైనర్ ఇంకా మెత్తగా ఉండగానే లాగెయ్యాలి. గట్టిపడ్డాక లాగితే అంచు చిరిగి అక్కడి నుంచే నీళ్లు దూరుతాయి.

గన్‌లో గాలి ఒత్తిడి 40 నుంచి 60 పీఎస్‌ఐ మధ్య, మూర దూరం నుంచి. ఒత్తిడి తగ్గిస్తే గరుకు పెద్దది, పెంచితే సన్నం. మీ కళాసీలు బస్తాలు ఈడ్చి దించుతారు కాబట్టి అడుగుకి సన్న గరుకు అడగండి. పెద్ద గరుకైతే యూరియా సంచి అడుగు చిరుగుతుంది. పూతకీ పూతకీ మధ్య గంట ఎడం. కలిపిన సరుకు 20 డిగ్రీల దగ్గర గంట నిలుస్తుంది, మన ఎండకి అందులో సగం కూడా ఆగదు, అందుకే ఒకటొకటిగా సీసా కలుపుకోవాలి.

కొట్టేవాడి ఊపిరి సంగతి కూడా అడగండి. హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. మూతికి గుడ్డ కట్టుకుంటే ఏమీ ఆపదు. బయటి గాలి పైపుతో అందే మాస్కు ఉండాలి, కనీసం ఆవిరి క్యాట్రిడ్జి మాస్కు. ఒకసారి దానికి ఉబ్బసం పట్టిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది, ఇక ఆ పని మానుకోవలసిందే. ఆ కుర్రాడి ప్రాణం కన్నా మన తొట్టి ఎక్కువ కాదు.

గుణుపురం_పికప్:
మేస్త్రీ, చాలా వివరంగా చెప్పారు, దండాలు. వానలు దగ్గరపడ్డాయి. ఇప్పుడే కొట్టించేయనా, ఆగనా?

రేకు_మేస్త్రి:
ఆగండి. ఐసోసయనేట్ నీటితో కలిస్తే గ్యాసు పుట్టి లైనర్‌లో బుడగలు వస్తాయి. గాలి 30 డిగ్రీలుండి తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల దగ్గరే గాలిలో తేమ రేకు మీద నీటి చెమ్మగా దిగుతుంది. రేకు దానికన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ వేడిగా, అంటే 29 పైన ఉండాలి. పొద్దున షెడ్డులో రేకు గాలి కన్నా చల్లగా ఉంటుంది, కంటికి కనపడని చెమ్మ పడుతుంది. సంక్రాంతి ముందూ వెనకా, పదింటి నుంచి మూడింటి లోపు కొట్టించడం మేలు. కంప్రెసర్‌కి నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఉందో లేదో చూడండి. ఈలోగా గాడులు కడిగి, తుప్పు తీసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన తీసి కడిగే రబ్బరు మ్యాటు పరచండి. బిగించే ప్లాస్టిక్ తొట్టి మాత్రం వద్దు. కింద ఇసుక చేరి పెయింటు అరగదీస్తుంది, తడి ఆరదు.

కాగితాల_పని:
క్యాబిన్‌తో సహా కొట్టించే వాళ్లకి ఒక మాట. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. బండి రంగు మారితే ఆర్‌టీఓ దగ్గర ముందే అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్సుకి కూడా తెలియజేయాలి. సరుకు బండికి 8 ఏళ్ల లోపు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్. అప్పుడు మెరిసే టేపు చూస్తారు, ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. ఆ టేపు గరుకు మీద అంటదు, ఒక్క వానకే ఊడుతుంది. డోర్ల బయటివైపు లైనర్ వేసినా టేపు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ పట్టీ నున్నగా వదిలేయమనండి.

ఘాట్_326:
టేపు సంగతి నేను ఆలోచించలేదు. డోరు లోపలి మడత గురించి కూడా సాలూరు గారు చెప్పిందే సరైనది, క్యాబిన్ మొత్తానికి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ చక్రాల పైగూళ్లు, మెట్టు కింది భాగం, ముందు బంపరు వెనకున్న రేకు మాత్రం ఒప్పుకోను. అక్కడ రాయి తగలడం ఆగదు. అక్కడికి పలచగా కొట్టించాల్సిందే.

సాలూరు_షెడ్డు:
అక్కడికి లైనర్ బదులు పైన పెయింటు పట్టే యాంటీ చిప్ కోటు (రాళ్ల దెబ్బకి పెచ్చు లేవకుండా వేసే పూత) వేయించమంటాను, రంగు కలుస్తుంది, తర్వాత టింకరింగుకి తీయడం సులువు. మీరు లైనరే అంటే గూటి లోపలి వైపు వరకు అభ్యంతరం లేదు, కన్నాలు మూయకుండా ఉంటే చాలు. మెట్టు బయటి రేకు మీద మాత్రం నా మాట మారదు.

గుణుపురం_పికప్:
అయితే తొట్టి లోపలికి రెండు కిట్లు, చక్రాల గూళ్ల లోపల యాంటీ చిప్, మడతల్లో మైనం, క్యాబిన్‌కి మామూలు పెయింటు. జనవరిలో. కొట్టిన తర్వాత ఎన్నాళ్లకి లోడు వేయొచ్చు?

రేకు_మేస్త్రి:
డబ్బా కిట్టుకైతే రెండు మూడు రోజులకి తేలిక సరుకు, పత్తి లాంటిది. సిమెంటు, ఎరువు బస్తాలు, చేపల ఉప్పునీళ్లు ఏడు రోజులు దాటాకే. తొట్టిలో గోరు గట్టిగా నొక్కి చూడండి, గుర్తు మిగిలితే ఇంకో రెండు రోజులు ఆపండి.