చర్చ: మన ఊళ్ల మీద పరిశోధన మనకు ఇంగ్లీషులో చెప్పాలా?

నాగావళి గట్టు:
ఈమధ్య శ్రీకాకుళంలో ఒక కాలేజీ సెమినార్‌కి వెళ్లాను. అంశం మన జిల్లాలోని శ్రీముఖలింగం గుడి శాసనాలు. చెప్పినవారు తెలుగువారే, విన్నవాళ్లమూ తెలుగువాళ్లమే. ప్రసంగం మాత్రం మొత్తం ఇంగ్లీషు, అదీ స్లైడ్లు చూసి చదవడం. చివర్లో ప్రశ్నలకు టైం లేదన్నారు. స్థానిక విషయాల మీద చరిత్ర, సాహిత్య శాఖల వాళ్లు చేసే ప్రెజెంటేషన్లు తెలుగులోనే ఉండాలని నా వాదన. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట ఆ ముఖలింగం దగ్గరిదే కదా!

హిస్టరీ మేడం, విజయనగరం:
గట్టు గారూ, గిడుగు వారి పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. 1931లో వచ్చిన ఆయన సవర వ్యాకరణం, అదే మన కొండల్లోని సవర గిరిజనుల భాషకు రాసింది, ఏ భాషలో ఉంది? ఇంగ్లీషులో. తెలుగులో రాసుంటే సవర చేరిన ముండా భాషా కుటుంబం మీద పనిచేసే బయటి పండితులకు అందేదా? ఆ ముఖలింగం శాసనాలు చెప్పే గంగరాజుల చరిత్ర మన ఒక్కరిదే కాదు, ఒడిశా వాళ్లదీ. పైగా ప్రమోషన్లప్పుడు మా పేపర్లు చూసేవాళ్లు సిక్కోలు బజార్లో కూర్చోరండి.

పాలకొండ మాస్టారు:
సగమే చెప్పావమ్మా. అదే గిడుగు వారు సవర పిల్లల కోసం సవరలో వాచకాలు రాశారు, బడులు పెట్టారు. పండితులకు ఒకటి, పిల్లలకు ఒకటి. మీరు రెండోది వదిలేశారు. తప్పెటగుళ్ల మీద పేపర్ చదివే రోజున, గుండెకు తప్పెట కట్టుకుని ఆడే మనిషి హాల్లో ఎక్కడైనా కనిపిస్తాడా? ఉంటే "ఈ అడుగు అలా కాదు బాబూ" అంటాడని భయమా?

హిస్టరీ మేడం:
భయం కాదు మాస్టారూ. ఇచ్చేదే పదిహేను నిమిషాలు. అదే మళ్లీ ఊళ్లోకెళ్లి చెబితే ఆ రోజును డ్యూటీ కింద ఎవరు రాస్తారు?

ఆమదాలవలస కుర్రాడు:
భాష సంగతి తర్వాత, అసలు రోగం చదివేయడం. తెలుగు సెమినార్లూ చూశాం. "నిర్మాణాత్మక దృక్కోణ పరిశీలన" అంటుంటే నా పక్కాయన గురక పెట్టాడు. శాసనం ఫొటో వేసి, ఒక్క పంక్తి వేలు పెట్టి చదివి చూపిస్తే ఇంగ్లీషులోనైనా వింటాను.

నాగావళి గట్టు:
వింటావు సరే, సందేహం ఏ భాషలో అడుగుతావు? మేడం, పేపర్ ఇంగ్లీషులోనే అచ్చు వేసుకోండి. నోటితో చెప్పేది తెలుగులో చెబితే ప్రమోషన్ ఆగుతుందా?

హిస్టరీ మేడం:
ప్రశ్నలవరకు ఒప్పుకుంటా. ఒడిశా అతిథి ముందు వరసలో ఉంటే మాత్రం ప్రసంగం ఇంగ్లీషే.

పాలకొండ మాస్టారు:
బరంపురం నుంచి వచ్చినవారైతే తెలుగు వచ్చే ఉంటుందమ్మా, ఒకసారి అడిగి చూడు.