ఆరు నిమిషాలకే చల్లబడుతున్న జిర్కోనోసీన్: విషమా, వ్యాపనమా?

విశాఖ ల్యాబ్‌లో ఇథిలీన్ పాలిమరైజేషన్ (ఇథిలీన్ గ్యాస్‌ను పాలిథిలీన్‌గా మార్చడం). 1 లీటరు రియాక్టర్, 250 మి.లీ. టోల్యూన్, ఉత్ప్రేరకంగా జిర్కోనోసీన్ డైక్లోరైడ్ 5 మైక్రోమోల్, దాన్ని చైతన్యపరిచే మిథైల్‌అల్యూమినాక్సేన్ (ఎంఏఓ; అల్యూమినియం–జిర్కోనియం నిష్పత్తి 1000), 50 డిగ్రీలు, 5 బార్, 600 ఆర్‌పీఎం. మొదట ఇథిలీన్ నిమిషానికి 1.8 లీటర్లు లాగుతుంది, ఉష్ణోగ్రత 56కి ఎగబాకుతుంది. ఆరో నిమిషానికి ప్రవాహం 0.2కి పడిపోతుంది. అప్పటికి స్లర్రీ (టోల్యూన్‌లో తేలే పాలిమర్ మిశ్రమం) గంజిలా చిక్కబడుతుంది.

ఇక్కడి సముద్రపు తేమనే ముందు అనుమానించాను. టోల్యూన్‌ను సోడియం–బెంజోఫినోన్ మీద స్వేదనం చేశాను, గ్యాస్‌ను రాగి ఉత్ప్రేరకం, మాలిక్యులర్ సీవ్ మీదుగా పంపాను. నిష్పత్తి 2000 చేసినా, తేమను పట్టే ట్రైఐసోబ్యూటైల్ అల్యూమినియం (టీఐబీఏ) 1 మిల్లీమోల్ ముందే వేసినా అదే తంతు. అయితే ఉత్ప్రేరకానికి విషమైన కార్బన్ మోనాక్సైడ్‌ను టీఐబీఏ పట్టదు కదా! జిర్కోనియాన్ని 1 మైక్రోమోల్‌కు తగ్గిస్తే అసలు మొదలే కాలేదు.

గ్యాస్‌లోని విషం వల్లా, చిక్కబడ్డ స్లర్రీలో ఇథిలీన్ అందకపోవడం వల్లా అన్నది ఒకే రన్‌లో తేల్చే పరీక్ష ఏది?