గ్యారేజీని అమ్మానాన్నల కోసం ఇల్లుగా మారుస్తుంటే పక్కింటాయన అడ్డుపడుతున్నాడు

గోదావరి_శాన్‌హోజే:
మా ఇంటి వెనక విడిగా పాత గ్యారేజీ ఉంది, 400 చదరపు అడుగులు. నాన్నకి మోకాళ్లు సహకరించట్లేదు, మా పడకగదులన్నీ మేడ మీదే. ఇద్దరికీ ఇక్కడ స్థిరపడే వీసాలు వచ్చాయి. గ్యారేజీలో ఒక గది, చిన్న వంటిల్లు, బాత్‌రూమ్ వచ్చేలా ప్లాన్లు గీయించాం. పక్కింటాయనతో ఇన్నాళ్లూ మాటా మంచీ బాగానే ఉండేది. ఇప్పుడు "మీ కిటికీ మా పెరట్లోకి చూస్తుంది, ఇక్కడ ఇంకో కాపురం పెట్టనివ్వను, సిటీకి రాస్తా" అంటున్నాడు. ఈ దారిన వెళ్లినవాళ్లు చెప్పండి.

రంపం_సుత్తి:
రాసుకోనివ్వండి. కాలిఫోర్నియాలో ఏడీయూకి, అంటే ఉన్న ఇంటి స్థలంలోనే పెట్టుకునే చిన్న అదనపు ఇంటికి, ఇరుగుపొరుగుని పిలిచి విచారణ పెట్టరు. రూల్సుకి సరిపోతే సిటీ ఇచ్చి తీరాలి, కాగితాలన్నీ అందిన 60 రోజుల్లో తేల్చాలి. 2020 జనవరి నుంచి గడువు అంతే. ఉన్న గ్యారేజీనే మారుస్తున్నారు కాబట్టి కంచెకి ఇన్ని అడుగులు వదలాలనే పట్టింపు లేదు. పోయిన పార్కింగుకి బదులు చూపించమనరు. 750 చదరపు అడుగుల లోపు కాబట్టి ఇంపాక్ట్ ఫీజు, అంటే కొత్త ఇంటి వల్ల ఊరి వసతుల మీద పడే భారానికి వేసే రుసుము, కూడా పడదు.

కృష్ణాతీరం:
హెచ్‌ఓఏ, అదే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఉంటే?

రంపం_సుత్తి:
వాళ్లూ మొత్తానికే వద్దనలేరు. అదీ 2020 నుంచే.

పాతకాపు_ఫ్రీమాంట్:
నేను కంచెకి అవతలి మనిషిని, నా మాటా వినండి. మా పక్కవాళ్లు "అత్తగారి కోసం" అనే కట్టారు. ఆవిడ ఆర్నెల్లు ఉండి ఊరెళ్లిపోయింది. ఇప్పుడు ముగ్గురు కుర్రాళ్లు అద్దెకున్నారు. కిటికీ సరిగ్గా మా తులసికోట ఎదురుగా ఉంటుంది. పొద్దున దీపం పెట్టడానికి మా ఆవిడ పెరట్లోకి రావడమే మానేసింది. 60 రోజుల్లో తేల్చేసే సిటీ ఆ కిటికీ గురించి మమ్మల్ని ఒక్క మాట అడిగిందా?

నెల్లూరమ్మాయి:
కిటికీకి తెర వేయమనొచ్చుగా.

పాతకాపు_ఫ్రీమాంట్:
తెర వాళ్ల చేతిలో ఉంటుందమ్మా, నా చేతిలో కాదు. కిటికీ ఆరడుగుల ఎత్తులో పెట్టమనండి, ఏ గొడవా ఉండదు.

రంపం_సుత్తి:
పడకగది కిటికీ అలా పైకి నెట్టడానికి లేదు. మంటలొస్తే మనిషి దూకి బయటపడే కిటికీ అది. దాని అడుగు అంచు గది నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు.

పాతకాపు_ఫ్రీమాంట్:
చూశారా? రూలు మీ వైపున్నప్పుడు రూలే గొప్ప. మాకు పనికొచ్చేది అడిగితే దానికీ అడ్డం రూలే.

గోదావరి_శాన్‌హోజే:
మా గ్యారేజీ గోడ కంచెకి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ వైపు ఒక్కటే కిటికీ.

రంపం_సుత్తి:
అయితే ముందు ఆ గోడ సంగతి చూడండి. ఐదడుగుల లోపు గోడ గంటసేపు మంటకి ఆగాలి, అందులో కిటికీలు నాలుగో వంతు మించకూడదు. మూడడుగుల లోపైతే కిటికీయే పెట్టనివ్వరు. గది నుంచి నేరుగా మీ పెరట్లోకి తలుపు పెడితే తప్పించుకునే దారి ఆ తలుపే అవుతుంది. అప్పుడు అటువైపు కిటికీ ఎంత ఎత్తునైనా పెట్టుకోవచ్చు. పాత గ్యారేజీ నేల తలుపు వైపు వాలుగా ఉంటుంది, అది సరిచేయకపోతే మీ నాన్నగారి వాకర్ నిలవదు. డ్రైనేజీ పైపు అడుగుకి పావు అంగుళం వాలు పోవాలి. మెయిన్ లైను దానికన్నా ఎత్తున ఉంటే పంపు పెట్టక తప్పదు.

పాతకాపు_ఫ్రీమాంట్:
కిటికీలు, పైపులు, పంపులు. అసలు మాట ఎవరూ అనట్లేదు. కన్నవాళ్లని పెరట్లో షెడ్డులో పెట్టడం మన ఇళ్లలో ఎప్పుడైనా ఉందా?

గోదావరి_శాన్‌హోజే:
షెడ్డు అనకండి. మా నాన్న మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడితే చూసినవాడిని. మీకు కావలసింది కిటికీయా, మా ఇంటి సంగతా?

నెల్లూరమ్మాయి:
ఆయన గొంతు కటువుగా ఉంది గానీ మాట కొట్టిపారేయలేను. మా అన్నయ్య అమ్మని ఇలాగే గ్యారేజీ గదిలో పెట్టాడు. పర్మిట్ లేదు, హీటర్ లేదు, బాత్‌రూమ్ కోసం అర్ధరాత్రి చలిలో పెద్దింటికి నడిచేది. వచ్చినవాళ్లకి మాత్రం "అమ్మకి ప్రైవసీ" అని చెప్పేవాడు.

పాతకాపు_ఫ్రీమాంట్:
చెప్పేస్తాను. మా పెరట్లోనూ కట్టడానికి ప్లాన్లు గీయించాను. తెనాలి నుంచి నాన్న ఒకటే అన్నారు: "ఇంట్లో చోటుంటే వస్తా, పెరట్లో గదికి రాను." రాలేదు. అక్కడే పోయారు. ఆ మాట సబబే అనుకుంటాను ఇప్పటికీ.

పెద్దమ్మ_డబ్లిన్:
బాబూ, మీ నాన్నగారి మాట ఆయనది. నాకు 74 ఏళ్లు. ఇక్కడే, కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా అబ్బాయి ఇంటి వెనక ఇలాంటి ఇంట్లోనే ఉంటున్నాను. కోడలు మంచిదే, కానీ ఆమె వంటింట్లో గరిట ఎక్కడ పెట్టాలన్నా అడగాలి. ఇక్కడ నా పొయ్యి నాది. ఏకాదశి నాడు నేను ఏం తిన్నానో, ఏం మానేశానో ఎవరికీ చెప్పక్కర్లేదు. మనవరాలు బడి నుంచి రాగానే ముందు నా గుమ్మమే తొక్కుతుంది. గోదావరి బాబూ, మీ అమ్మగారేమంటున్నారు?

గోదావరి_శాన్‌హోజే:
అమ్మ అడిగింది రెండేనండీ. పొయ్యి తనదై ఉండాలి, తలుపు మా వైపు తెరుచుకోవాలి. రంపం గారు చెప్పినట్టు తలుపు పెరట్లోకి మారుస్తున్నాం. పక్కింటి వైపు కిటికీ ఆరడుగుల పైన, వెలుతురు కోసం మాత్రమే. కొత్త ప్లాను తీసుకుని శనివారం ఆయన దగ్గరికి వెళ్తున్నాను.

పాతకాపు_ఫ్రీమాంట్:
కిటికీ వరకు మంచి పని చేశారు. మరి పెద్దవాళ్ల తర్వాత అద్దెకివ్వనని ఆయనకి రాసిస్తారా?

గోదావరి_శాన్‌హోజే:
రాసివ్వను. వాళ్లింకా విమానం కూడా ఎక్కలేదు. వాళ్లు లేని రోజు గురించి ఇప్పుడు కాగితం మీద సంతకం పెట్టమంటే నా వల్ల కాదు.