కోలార్ గనులు మళ్ళీ తెరవాలా, సైనైడ్ దిబ్బలు తవ్వితే సరిపోతుందా?

కుప్పంవాడు (చర్చ మొదలుపెట్టినవారు):
కోలార్ బంగారు గనులు (కేజీఎఫ్) 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం అక్కడి 13 సైనైడ్ దిబ్బలు (సైనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన రాతి పొడి గుట్టలు), దాదాపు వెయ్యి ఎకరాలు, తవ్వుకోవడానికి కేంద్రానికి ఒప్పుకుంది. నా మాట ఒకటే. పైన మట్టి గీకడం కాదు, లోపలి గనే తెరవాలి. 120 ఏళ్ళలో 800 టన్నుల బంగారం ఇచ్చిన నేల అది. మా నాన్న మన చిత్తూరు జిల్లాలోనే బిసానత్తం గనిలో చేశాడు. కేజీఎఫ్‌తో పాటే అదీ మూతపడింది. మీరేమంటారు?

హట్టి ఇంజినీరు:
800 టన్నులు అని అందరూ చెబుతారు. మన దేశం ఇప్పుడు ఒక్క ఏడాదిలో దిగుమతి చేసుకునే బంగారం సుమారుగా అంతే ఉంటుంది. సరే, అసలు విషయానికొద్దాం. కేజీఎఫ్‌లోని చాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల లోతు దిగింది. అక్కడ రాయే 60 డిగ్రీలకు పైన కాగుతుంటుంది. చల్లటి గాలి పైనుంచి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. తొలి రోజుల్లో టన్ను రాయికి పదుల గ్రాములు వచ్చేది, చివరికి మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. మూసేశాక పంపులు ఆగి గనుల్లోకి నీళ్ళు చేరాయి. ఆ నీళ్ళు తోడటానికే ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేయండి.

కుప్పంవాడు:
మూడు గ్రాములు అన్నారు కదా సార్. 2001లో పది గ్రాములు నాలుగున్నర వేల లోపే. ఇప్పుడు లక్ష దాటింది. అప్పటి నష్టం ఇప్పుడు లాభం కాదా? దక్షిణాఫ్రికాలో నాలుగు కిలోమీటర్ల దాకా దిగి తవ్వుతున్నారు. వాళ్ళకు లేని భయం మనకెందుకు?

హట్టి ఇంజినీరు:
వాళ్ళకు టన్నుకు వచ్చే బంగారం ఎక్కువ. మూడు గ్రాముల కోసం మూడు కిలోమీటర్లు ఎవరూ దిగరు. కర్ణాటకలోనే రాయచూరు జిల్లా హట్టిలో మా బంగారు గని నడుస్తోందంటే, మేమింకా ఒక కిలోమీటరు దరిదాపుల్లోనే ఉన్నాం కాబట్టి.

కుప్పంవాడు:
మూడు కాదు, మూడు నాలుగు అని మీరే రాశారు. నాలుగైతే?

స్వర్ణ ప్యాసింజరు:
తెల్లారకముందే గనుల పక్కనున్న మారికుప్పంలో రైలెక్కి పనికోసం బెంగుళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరే వాళ్ళను అడగండి, గని కావాలా వద్దా అని.

పాత చరిత్ర:
1880లో గనులు తవ్వడానికి జాన్ టేలర్ అనే ఇంగ్లీషు కంపెనీ వచ్చింది. 1902కల్లా శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకుంది. గనికి కావాలంటే అన్నీ అయ్యాయి. కూలీలకు మాత్రం వెదురు తడికల ఇళ్ళు. 1930లో వేలిముద్రలు తీసుకుంటామంటే మూడు వారాలు సమ్మె చేశారు. ఇది కూడా గుర్తుంచుకుని మాట్లాడండి.

మారికుప్పం లైను:
నేను అక్కడే పుట్టాను, ఇప్పటికీ లైనింట్లోనే (కూలీలకు కంపెనీ వరసగా కట్టిన ఇళ్ళలో) ఉన్నాను. దిబ్బలు తవ్వుతామంటే నాకు గుండె దడ. గాలి తిరిగే నెలల్లో ఆ దిబ్బల మీది తెల్ల పొడి లేచి మా వీధుల మీద పడుతుంది. తడి బట్టలు దండెం మీద వేస్తే గంటలో మైదా చల్లినట్టు అవుతాయి. పిల్లలకు కళ్ళు మండుతాయి, చర్మం దురద. ఎవరూ ముట్టుకోకుండా ఉన్నప్పుడే ఇలా ఉంటే, 3.3 కోట్ల టన్నుల మట్టిని జేసీబీలతో కదిపితే ఎలా ఉంటుంది? దాంట్లో 23 టన్నుల బంగారం ఉందని లెక్క కట్టారని పేపర్లో చదివాను. అంటే టన్ను దుమ్ముకు ఒక గ్రాము కూడా లేదు.

కుప్పంవాడు:
అక్కా, నేను దిబ్బల గురించి మాట్లాడటం లేదు. గని గురించి. దుమ్ము ఎక్కడైనా ఉంటుంది. ఉద్యోగం కంటే దుమ్ము పెద్ద సమస్యా?

మారికుప్పం లైను:
దుమ్ము ఎక్కడైనా ఉంటుందా? మా నాన్న 26 ఏళ్ళు గనిలో రాయి డ్రిల్లింగ్ చేశాడు. పని మానేశాక మెట్టు ఎక్కితే ఆయాసం, రాత్రంతా దగ్గు. ఒక ఆసుపత్రిలో టీబీ అని రాసి ఆర్నెల్లు మాత్రలు మింగించారు. తగ్గలేదు. వేరే చోట ఎక్స్‌రే చూసి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయిందమ్మా, సిలికోసిస్ అన్నారు. అప్పటికి ఆయనకు కూర్చుని నిద్రపోవడం అలవాటైంది. మంచం తలవైపు నాలుగు దిండ్లు పెట్టేవాళ్ళం. చిన్నప్పుడు ఏర్‌బ్లాస్ట్ (గని లోపల ఒత్తిడికి రాయి పేలడం) అయితే అటక మీద గిన్నెలు గలగలలాడేవి. మా అమ్మ పొయ్యి ఆర్పేసి షాఫ్ట్ (గనిలోకి దిగే బావి) గేటు దగ్గరకు పరిగెత్తేది. మీకు ఆ గిన్నెల చప్పుడు తెలుసా?

కుప్పంవాడు:
తెలుసు. మీ ఒక్కరి నాన్నే గనిలో దిగాడా? మా నాన్న 43 ఏళ్ళకే ఇంటికొచ్చి కూర్చున్నాడు. వచ్చిన డబ్బు అక్క పెళ్ళికి, బోరుకు పోయింది. బోరులో నీళ్ళు పడలేదు. గనిలో మేస్త్రీగా చేసిన మనిషి టమాటా మండీలో గోతాలు మోశాడు. అది మీరు చూశారా?

నిర్వాహకులు:
ఇద్దరూ కాస్త నెమ్మది. ఇళ్ళలోని పెద్దల మీదికి పోకండి.

హట్టి ఇంజినీరు:
ఒకటి చెప్పనివ్వండి. రేపు గని తెరిచినా పాత రోజుల్లా 30 వేల మంది దిగరు. యంత్రాలు దిగుతాయి. దిబ్బల పనికైతే ఇంకా తక్కువ మంది చాలు: టిప్పర్లు, పైపులు, ట్యాంకులు. అదీ చాలావరకు కాంట్రాక్టు మీదే. ఉద్యోగాల కోసమే గని అడుగుతుంటే, మీరు అడగాల్సింది గని కాదు.

మారికుప్పం లైను:
నా భయమూ అదే సార్. బంగారం ఉందా లేదా అని కాదు. నేనున్న ఇంటికి ఇప్పటికీ నా పేరు మీద కాగితం లేదు. వెయ్యి ఎకరాలు ఒకరికి, మిగతా భూమి పరిశ్రమలకు అని చదివిన రోజు నుంచి నిద్ర లేదు. మూడు తరాలుగా ఉన్నాం. కొత్తవాళ్ళు వచ్చి ఖాళీ చేయమంటే ఏం చూపించాలి? గనిలో మా నాన్నకిచ్చిన నంబరు ఇత్తడి బిళ్ళా? ముందు ఇళ్ళు మా పేరున రాసి, దిబ్బలకు మొక్కలో కప్పులో ఏదో ఒకటి వేసి దుమ్ము ఆపి, ఆ తర్వాత తవ్వుకోమనండి. నేను అడ్డు పడను.

కుప్పంవాడు:
కాగితం సంగతి మీరు ముందే చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాడిని కాదు అక్కా. నేను గని గని అని పట్టుకోవడానికీ ఒక కారణం ఉంది. నాన్నకు ఇప్పుడు 67. గని బూట్లు ఇంకా పారేయలేదు. ఏటా దసరాకు నూనె రాసి పెడతాడు. మళ్ళీ తెరుస్తారంట అని ఎవరైనా అంటే ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. తెరవరు అని ఆయనకు నేనెలా చెప్పను?

మారికుప్పం లైను:
ఆయనకు దగ్గు ఉందా తమ్ముడూ?

కుప్పంవాడు:
ఉంది. బీడీల వల్ల అనుకుంటున్నాం.

మారికుప్పం లైను:
ఛాతీ ఎక్స్‌రే తీయించండి. గనిలో ఎన్నేళ్ళు చేశాడో, ఏ పని చేశాడో డాక్టరుకు మీరే చెప్పండి, వాళ్ళు అడగరు. చీటీ మీద ఆ మాట రాయించుకోండి. మాకు ఎవరూ చెప్పక మూడేళ్ళు పోయాయి.

కుప్పంవాడు:
సోమవారం తీసుకెళ్తాను. గని మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. ఇంజినీరు గారూ, నాలుగు గ్రాములైతే లెక్క ఎంత వస్తుందో మీరింకా చెప్పలేదు.