నిధుల గడువు ముగిసి ఎల్‌సీఏ (హెచ్1బీ దరఖాస్తుకు ముందు కంపెనీ కార్మిక శాఖ నుంచి తీసుకోవాల్సిన ఆమోదం) ఆగిపోతే హెచ్1బీ పొడిగింపు ఎలా వేయాలి?

అమెరికాలో ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అప్పటికి 12 నిధుల బిల్లులు పాస్ కాకపోతే కాంగ్రెస్ కంటిన్యూయింగ్ రిజల్యూషన్ తెస్తుంది. అది దాదాపు పాత ఏడాది స్థాయిలోనే కొన్నాళ్లు ఖర్చుకు అనుమతిస్తుంది. అదీ లేకపోతే షట్‌డౌన్, అంటే నిధుల్లేక ప్రభుత్వ పనులు ఆగిపోవడం.

వీసా పొడిగింపు దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ఎక్కువగా ఫీజులతో నడుస్తుంది కాబట్టి ఆగదు. అసలు చిక్కు ఎల్‌సీఏ, పెర్మ్ (గ్రీన్‌కార్డుకు కావాల్సిన కార్మిక ధ్రువీకరణ) చూసే కార్మిక శాఖ దగ్గర. ఈ దరఖాస్తులు వేసే ఫ్లాగ్ పోర్టల్ 2025 అక్టోబరు 1న షట్‌డౌన్‌తో ఆగి, నెలాఖరుకు గానీ తెరుచుకోలేదు. 2018-19లో 35 రోజుల షట్‌డౌన్ వచ్చినా ఎల్‌సీఏలు ఆగలేదు, ఎందుకంటే కార్మిక శాఖ బిల్లు ముందే పాసైంది. అందుకే వార్తల్లో ఆ ఒక్క బిల్లు సంగతే చూడండి.

ఎల్‌సీఏకి 7 పనిదినాలు పడుతుంది, పొడిగింపు గడువుకు 6 నెలల ముందే వేయొచ్చు. ముందే వేయడమే మంచిది. కానీ కంపెనీ చివరి వారం దాకా ఆపితే?

పోర్టల్ మూతబడిన రోజుల్లో ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు ముగిస్తే, అసాధారణ పరిస్థితి కింద ఆలస్యపు దరఖాస్తును మన్నించే వెసులుబాటు ఉంది. 2025లో అలా వేసినవాళ్లు ఏ రుజువులు జతచేశారు? పోర్టల్ నోటీసు స్క్రీన్‌షాట్ సరిపోయిందా, కంపెనీ లేఖ కూడా అడిగారా? గడువులోపు వేస్తే వచ్చే 240 రోజుల పని అనుమతి వీళ్లకు వర్తించదనుకుంటే, ఆమోదం వచ్చేదాకా జీతం, పని ఆపాల్సి వచ్చిందా? లాయర్ చెప్పిన మాట, యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన జవాబు విడివిడిగా రాస్తే చాలా మేలు.