రేకు పెట్టె మీద అతికించిన శుభలేఖల బొమ్మలు ఉబ్బుతున్నాయి

ప్రశ్న (నల్లగొండ నుంచి):

మా అమ్మ పెళ్లినాటి రేకు పెట్టె అటక మీద తుప్పు పట్టిపోతుంటే దింపి తోమాను. ఇంట్లో పోగుపడ్డ శుభలేఖల్లోంచి నెమళ్లను, కలశాలను, పూలతీగలను కత్తిరించి, డికూపాజ్ పద్ధతిలో (అంటే కాగితపు బొమ్మలు అతికించి, పైన వార్నిష్ వేసే పని) దాని మూత మీద అతికించాను. ఫెవికాల్‌ను డబ్బాలో ఉన్నది ఉన్నట్టే పూసి, మరునాడు పొద్దున్నే వార్నిష్ వేశాను. పది రోజులు తిరక్కముందే బొబ్బలు లేచాయి. ఒక నెమలి తోక గోరు తగిలితే చాలు, పైకి వస్తోంది. వార్నిష్ కింద అక్కడక్కడ పాలపొరలాంటి తెలుపు కూడా కనిపిస్తోంది. మొత్తం గీకేయాలా, సరిచేసుకునే దారి ఏదైనా ఉందా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):

అక్కా, తప్పు జిగురుది కాదు, తొందరది. చెక్క అయితే తడిని కొంత పీల్చుకుంటుంది. రేకు చుక్కయినా పీల్చదు కాబట్టి, జిగురులోని నీరంతా కాగితం గుండానే బయటికి పోవాలి. అది పోకముందే మీరు పైన వార్నిష్ వేశారు. ఆ తెలుపు లోపల చిక్కుకున్న తడే. చిన్న బొబ్బలను సూదితో పొడిచి, పలుచని జిగురు ఎక్కించి, బట్టతో నొక్కితే సరిపోతుంది. తుప్పు పూర్తిగా పోకపోయి ఉంటే మాత్రం గీకక తప్పదు: గరుకు కాగితంతో రుద్ది, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ పూత వేసి, అది ఆరాక పైన రంగు వేసి, అప్పుడు మొదలుపెట్టండి. ఈ ముసురులో వద్దు.

జవాబు (దేవరకొండ నుంచి, పుస్తకాలు బైండింగ్ చేస్తాను):

శుభలేఖ అట్ట మందం, అసలు చిక్కు అక్కడుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే పొరలు విడిపోతాయి. అచ్చు ఉన్న పైపొర మాత్రమే తీసుకోండి. అన్ని అచ్చులూ నీటికి ఆగవు, ముందు ఒక మూల తడిపి చూడండి. మైదా లై వాడేటట్లయితే, పురుగు పట్టకుండా మేము చిటికెడు మైలుతుత్తం కలుపుతాం, కానీ అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పలుచగా వాడటమే మేలు. కాగితానికి వెనుక పూసి, అది మెత్తబడి సాగేదాకా ఆగి, మధ్య నుంచి అంచులకు తుడవాలి.

జవాబు (గద్వాల నుంచి):

వార్నిష్ గురించి ఒక మాట. 18వ శతాబ్దంలో వెనిస్‌లో, తూర్పు దేశాల ఖరీదైన లక్క సామానుకు బదులుగా అచ్చుబొమ్మలకు రంగులద్ది, కత్తిరించి, చెక్కకు అతికించి, పైన పూత మీద పూత వేసేవారు. పేదల లక్కపని అనే అర్థం వచ్చే పేరే దానికి ఉండేది. పాత పద్ధతిని పట్టుకున్నవారు 30, 40 పూతలదాకా వేసి, మధ్యమధ్య సన్నని గరుకు కాగితంతో రుద్దుతారు. కాగితం అంచు వేలికి తెలియకూడదన్నదే ఆ శ్రమంతా. మనకు అన్ని అక్కరలేదు గానీ, ఒక్క పూతతో మీ నెమలి తోక ఆగదు.

ఇంకో మాట, అమ్మ పెళ్లి శుభలేఖ గనక వాటిలో ఉంటే దాన్ని కోయకండి. లేజర్ ప్రింట్ తీయించి అది అతికించండి. ఇంక్‌జెట్ రంగు తడికి కారుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. లేచిన నెమలినే ఊడదీసి నీళ్లలో వేశాను. కాగితం మెత్తబడింది గానీ, దాని మీద సన్నని ప్లాస్టిక్ పొర ఒకటి విడిగా తేలింది. గోటితో లాగితే నెమలి రంగంతా దానితోనే వచ్చేసింది. వార్నిష్ వేసింది ఆ ప్లాస్టిక్ మీదన్నమాట. అమ్మ శుభలేఖకు మాత్రం అలాంటి పొర లేదు, అది మామూలు గులాబీరంగు కాగితం. దాన్ని పెట్టె లోపల దాచి, రేపు ప్రింట్ తీయించుకొస్తాను.