పాత లెదర్ డైనింగ్ కుర్చీలు కొంటే నిజంగా ఇన్వెస్ట్‌మెంటేనా, లేక అమ్మేవాళ్ళ మాటలేనా?

కొత్తటేబుల్_పాతగోల:
అందరికీ నమస్తే అండి. మాకు గట్టి చెక్క డైనింగ్ టేబుల్ ఒకటి దొరికింది, కుర్చీలే లేవు. పోయినసారి కొత్త సెట్టు కొన్నాం, లెదర్ అని చెప్పే ఇచ్చారు, మూడేళ్ళు తిరిగేసరికి సీటు మీద పొర పాము కుబుసంలాగా ఊడటం మొదలైంది, తెల్లబట్టలేసుకుని కూర్చుని లేస్తే వెనకంతా నల్ల పొలుసులే. చుట్టాలొస్తే వాటి మీద దుప్పట్లు కప్పేదాన్ని, అంత సిగ్గుగా ఉండేది. అందుకని ఈసారి మంచివి కొంటే మళ్ళీ కొనక్కర్లేకుండా ఉండాలని డిసైడయ్యాను.

ఇప్పుడు ఒకాయన దగ్గర 6 పాత కుర్చీలు చూశాను. 1960ల నాటివట, డెన్మార్క్ స్టైలట, ముదురు చెక్క, గోధుమ రంగు లెదర్ సీట్లు. లెదర్ మీద సన్నగా ముడతలు, అక్కడక్కడా రంగు తేలిపోయింది, కానీ ఒక్క పొలుసు కూడా ఊడలేదు. ఆయనేమో "ఇది ఖర్చు కాదమ్మా, ఇన్వెస్ట్‌మెంట్, మీ మనవలు కూర్చుంటారు" అంటాడు. మా ఆయనేమో ఎవరో వాడి పారేసిన కుర్చీలకి కొత్తవాటికంటే ఎక్కువ పెట్టడమేంటి నీకేమైనా పిచ్చా అంటాడు. ఇద్దరి మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది అనిపిస్తోంది నాకు.

అసలు లెదరో కాదో ఎలా తెలుస్తుంది, చెక్క లోపల పాడైందో లేదో ఎలా చూడాలి, తర్వాత అమ్మితే డబ్బులొస్తాయా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సీటుకట్టేవాడు:
అమ్మా, నేను చాలా ఏళ్ళుగా కుర్చీలకి సీట్లు కట్టే పనిలో ఉన్నాను. అందరూ వచ్చి ముందు లెదర్ నిమిరి చూస్తారు, అక్కడే మోసపోతారు. లెదర్ పోతే మార్చుకోవచ్చు, ఫ్రేము పోతే కుర్చీ లేనట్టే. కాబట్టి కుర్చీని తిరగేయండి, తలకిందులుగా. అమ్మేవాడు ఇబ్బందిగా మొహం పెట్టినా సరే.

వెనక కాలు, సీటు పక్కబద్ద కలిసే చోటు చూడండి. డైనింగ్ కుర్చీ ప్రాణమంతా అక్కడే. తిన్నాక మనిషి వెనక్కి వాలి ముందు రెండు కాళ్ళూ పైకి లేపి ఊగుతాడు చూశారా, ఆ బరువంతా ఆ జాయింట్ మీదే పడుతుంది. మంచి పనివాడైతే ఒక చెక్కకి నాలిక చెక్కి ఇంకో చెక్క బెజ్జంలో దింపి ఉంటాడు, లోపల మూలల్లో చెక్క దిమ్మలు కూడా పెడతాడు. చవక కుర్చీల్లో పొట్టి పుల్లలు, స్టేపుల్సు, బంక, అంతే. ఒక చేత్తో వెనక పైభాగం, ఇంకో చేత్తో సీటు ముందుభాగం పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టి చూడండి. కిర్రుమన్నా కొంచెం కదిలినా కంగారుపడొద్దు, బంక ఎండిందన్నమాట. పాతకాలం వాటిలో చాలావరకు జంతువుల తోలూ ఎముకలూ మరిగించి తీసిన బంక వాడేవాళ్ళు, దానికి వేడి, తడి తగిలితే మెత్తబడుతుంది, జాయింట్ విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించొచ్చు. నాకు కడుపు మండేది మధ్యలో ఎవడో మేకు కొట్టో ఇనప ఎల్ పట్టీ వేసో "రిపేర్" చేసిన కుర్చీని చూస్తే. మేకు చెక్కని చీలుస్తుంది, ఆ చీలికని మళ్ళీ గట్టిగా అతికించడం కష్టం. అలాంటిది కనిపిస్తే రేటు సగానికి అడగండి, లేదంటే వదిలేయండి.

చిన్న చిన్న గుండ్రటి చిల్లులుంటే పుచ్చు పట్టిందని అర్థం. పాత చిల్లులైతే అంచులు నల్లగా ఉంటాయి, పర్లేదు. చిల్లు కింద లేతరంగు పొడి తాజాగా రాలుతుంటే మాత్రం పురుగు ఇంకా లోపలే ఉంది, ఆ కుర్చీ ఇంట్లోకి తెస్తే మీ టేబుల్ కూడా దానికి విందే.

ఇంక సీటు కింద. 60ల కుర్చీలైతే రబ్బరు పట్టీలో జనపనార పట్టీలో ఉంటాయి, పైన ఫోమ్. రబ్బరు ఇన్నేళ్ళకి గట్టిపడి పగుళ్ళిస్తుంది, ఫోమ్ పిండిలా రాలుతుంది. ఇది లోపం అనుకోకండి, టైరు అరిగినట్టే, మార్చుకునే సామానే అది. కాకపోతే ఆ ఖర్చు మీ లెక్కలో ముందే వేసుకోండి, అమ్మేవాడు వేయడు.

గోడమీదపిల్లి:
అక్కా ఇంట్లో పిల్లి ఉందా? ఉంటే ఇవన్నీ చదవక్కర్లేదు, ప్లాస్టిక్ కుర్చీలు కొనుక్కో. అనుభవంతో చెప్తున్నా 😭

తోలుపిచ్చోడు:
పైన పెద్దాయన ఫ్రేము సంగతి బాగా చెప్పారు, నేను లెదర్ గురించి చెప్తా, కొంచెం పొడుగైపోతుంది క్షమించండి.

ముందు మీ పాత సెట్టు ఎందుకు ఊడిందో చెప్తాను. అది బహుశా బాండెడ్ లెదరో ఉత్తి రెక్సినో అయ్యుంటుంది. బాండెడ్ అంటే తోలు తుక్కుని పొడి చేసి బంకతో కలిపి షీటులా పోసి పైన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత వేసింది. పేరులో లెదర్ ఉంటుంది, అంతే. ఆ పూతని గాల్లో తేమ మెల్లగా విరగ్గొడుతుంది, మీరు కూర్చున్నా కూర్చోకపోయినా ఊడుతుంది, మీ వాడకం తప్పు కాదు. అసలు తోలు అలా పొరలుగా ఊడదు, ఎండి పగులుతుంది, అరుగుతుంది, రంగు మారుతుంది, అది వేరే రకం ముసలితనం. మీరు చూసినవి ఇన్నేళ్ళలో పొలుసు ఊడలేదంటే అదే మంచి గుర్తు.

గుర్తుపట్టడానికి సీటు కింద లెదర్ మడిచి కొట్టిన అంచు చూడండి. వెనకవైపు నూగు నూగుగా పీచులాగా ఉంటే తోలు, గుడ్డ నేత కనిపిస్తే తోలు కాదు. పైన తోలుకుండే సన్న రంధ్రాలు ఒక వరసలో అచ్చు గుద్దినట్టుంటే అనుమానించండి. నీటిచుక్క టెస్టు అని ఒకటి అందరూ చెప్తుంటారు, దాన్ని గుడ్డిగా నమ్మకండి. రంగు పూత వేసిన అసలు తోలు మీద కూడా నీళ్ళు ముత్యంలా నిలబడతాయి, పూత లేని అనిలిన్ తోలైతే పీల్చుకుంటుంది. చుక్క వేస్తే అది ఏ రకం ఫినిషో కొంతవరకు తెలుస్తుందిగానీ అసలో నకిలీయో తేలదు. అగ్గిపుల్లతో కాల్చి చూడమనేవాళ్ళుంటారు, పరాయి వాళ్ళ కుర్చీ మీద ఆ పని చేయకండి మహాప్రభో.

నిజంగా భయపడాల్సింది ఎర్రపొడి. చెట్టు బెరడుతో పదును చేసిన పాత తోలులో, గాల్లో గంధకం పొగ పట్టి ఆమ్లం పెరిగితే తోలు లోపల్నించి కుళ్ళి ఎర్రటి పొడిలా రాలుతుంది. వేలుతో రుద్ది చూడండి, వేలికి ఇటుకపొడిలా అంటుకుంటే అంతే సంగతులు, ఏ క్రీమూ బాగుచేయదు. రాలకుండా కొంచెం ఆపొచ్చుగానీ పోయిన బలం తిరిగి రాదు, డైనింగ్ సీటుకి అసలే పనికిరాదు. ఇది మరీ పాతవాటిలో ఎక్కువ, బెరడు బదులు క్రోమ్ లవణాలతో పదును చేసిన తోలులో ఈ గొడవ తక్కువ.

కొన్నాక మాత్రం అతి చేయకండి. నెలనెలా నూనె పట్టిస్తే బాగుంటుందనుకుంటారు, దాంతో తోలు నల్లబడి మెత్తబడి సాగిపోతుంది, కుట్లు వదులవుతాయి. పొడిగుడ్డతో దుమ్ము తుడవడం, ఏడాదికి ఒకట్రెండుసార్లు తోలుకి పట్టించే కండిషనర్ పల్చగా, నేరుగా ఎండ తగలకుండా చూసుకోవడం, చాలు. తడి వైప్స్‌తో రోజూ తుడిచేవాళ్ళు దాన్ని మెల్లగా చంపుతున్నట్టే.

వడ్డీలెక్క:
అందరూ కుర్చీ గురించి చెప్పారు, ఇన్వెస్ట్‌మెంట్ అనే మాట గురించి ఎవ్వరూ చెప్పలేదు. నా ఉద్దేశంలో ఆ మాట అమ్మేవాడి నోట వినగానే జేబు మీద చెయ్యి వేసుకోవాలి.

రేటు పెరిగే కుర్చీలు ఉన్నాయి, కాదనను. డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో చేసిన గుండ్రటి వీపు కుర్చీ, 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కెనడీ నిక్సన్ టీవీ డిబేట్‌లో కెనడీ కూర్చున్నది అదే. ఇటలీ డిజైనర్ మారియో బెల్లిని 1977లో కసీనా అనే ఫర్నిచర్ కంపెనీకి చేసిన క్యాబ్ కుర్చీ, స్టీలు ఫ్రేముకి తోలుని ప్యాంటులాగా తొడిగి కాళ్ళ లోపలివైపు జిప్ వేస్తారు, చూస్తే నమ్మబుద్ధికాదు. వీటికి పేరుంది, వెతికేవాళ్ళున్నారు. మీ ఆయన చూపించేది "డెన్మార్క్ స్టైల్" (అమ్మే ఆయన, మీ ఇంటాయన కాదు 😄). స్టైల్ అనే మాటకీ అక్కడ తయారైనదానికీ చాలా దూరముంది. సీటు కింద ముద్ర, కాగితం లేబుల్, కాల్చి వేసిన గుర్తు, పాత రసీదు, ఏదైనా ఉందా? లేకపోతే పేరుకి డబ్బులివ్వకండి, పనితనానికి ఇవ్వండి.

ముదురు చెక్క అన్నారు కాబట్టి ఇంకోటి. ఆ కాలంలో రోజ్‌వుడ్ చాలా వాడారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని 1992లో సైటిస్ ఒప్పందంలో (అంతరించిపోయే మొక్కలూ జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలో చేర్చారు, పాత కుర్చీ అయినా సరే దేశం దాటించాలంటే కాగితాలు కావాలి. మీరెప్పుడైనా ఇల్లు మారుస్తూ దేశం మారితే అవి మీతో రాకపోవచ్చు.

నా లెక్క వేరే. మీ పాత సెట్టు రేటుని 3తో భాగించండి, ఏడాదికి ఎంత పడిందో వస్తుంది. ఇప్పటి కుర్చీల రేటుకి ఫోమూ పట్టీల ఖర్చు కలిపి, ఇరవయ్యేళ్ళు వస్తాయనుకుని 20తో భాగించండి. రెండోది తక్కువ వస్తే కొనండి. తర్వాత అమ్మితే వచ్చేది బోనస్ అనుకోండి, డైనింగ్ కుర్చీలు డబ్బు చేస్తాయని మాత్రం అనుకోకండి. వాటి మీద పిల్లలు ఎక్కి గెంతుతారండి, బంగారం అయితే బీరువాలో ఉంటుంది.

సీటుకట్టేవాడు:
వడ్డీలెక్క గారితో ఒక్కచోట ఒప్పుకోను. లేబుల్ లేని కుర్చీల్లో కూడా నేను అద్భుతమైన పని చూశాను, పేరున్నవాటిలో పిచ్చి రిపేర్లూ చూశాను. మిగతాదంతా కరెక్టే.

కొత్తటేబుల్_పాతగోల:
అందరికీ చాలా థాంక్స్! ఇవాళ మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను, ఫోన్లో ఈ థ్రెడ్ తెరిచి పెట్టుకుని మరీ చూశాను, ఆయన కొంచెం చిరాకుపడ్డాడు. అన్నీ తిరగేశాను. లేబుల్ ఏమీ లేదు, రోజ్‌వుడ్ కూడా కాదట, టేకు అని ఆయనే ఒప్పుకున్నాడు. 6లో 4 కుర్చీలు గట్టిగా ఉన్నాయి, మూలల్లో దిమ్మలున్నాయి, లెదర్ అంచు కింద పీచు కనిపించింది, వేలికి పొడి అంటలేదు. మిగతా రెండింటిలో ఒకదానికి వెనక కాలి దగ్గర రెండు మేకులు, ఇంకోదాని సీటు లెదర్ కొత్తది, రంగు కలిసింది కానీ రంధ్రాలు అచ్చు గుద్దినట్టున్నాయి. రబ్బరు పట్టీలు అన్నిటికీ పోయినట్టే.

ఇంకో డౌటు. సీటు ఎత్తు 44 సెంటీమీటర్లు, మా టేబుల్ 76 ఉంది. కూర్చుంటే కొంచెం కిందకి కుంగినట్టనిపించింది, ఇది సమస్యా?

సీటుకట్టేవాడు:
సీటుకీ టేబుల్ పైభాగానికీ మధ్య 25 నుంచి 30 సెంటీమీటర్లుంటే హాయిగా ఉంటుంది. మీకు 32 వస్తోంది, పైగా పట్టీలు సాగి ఇంకా కుంగింది. పట్టీలు, ఫోమ్ మార్చేటప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు కట్టమనండి, సరిపోతుంది. టేబుల్ కింద అడ్డబద్ద ఉంటే తొడలకి తగులుతుందేమో కూర్చుని చూసుకున్నాకే ఎత్తు చెప్పండి. పాత లెదర్‌ని జాగ్రత్తగా విప్పి మళ్ళీ అదే వేయమని గట్టిగా చెప్పండి, కొంతమంది తేలికని కోసి పారేస్తారు. సీటు ఎత్తు పెంచితే అంచు మడతకి తోలు చాలుతుందో లేదో ముందే కొలవమనండి.

మేకుల కుర్చీ వద్దు.

తోలుపిచ్చోడు:
నాలుగే అడగండి. ఆరూ కలిపితేనే ఇస్తానంటే ఒక పూట ఆగండి, వాళ్ళే ఫోన్ చేస్తారు.

కొత్తటేబుల్_పాతగోల:
అప్‌డేట్: ఫోన్ రాలేదు, రెండ్రోజులాగి నేనే చేశాను 😅 నాలుగే ఇచ్చాడు, సెట్టు విరిచినందుకు కాసేపు గొణిగాడు. పట్టీలు వేయించాను, పాత లెదరే, రెండు సెంటీమీటర్లు ఎత్తు పెంచారు, అంచు మడతకి తోలు బొటాబొటిగా సరిపోయింది. మిగతా ఇద్దరికి ప్రస్తుతానికి బెంచీ.

మా ఆయన మొదటిరోజే వెనక్కి వాలి ముందుకాళ్ళు లేపి ఊగాడు. సీటుకట్టేవాడు గారి మొదటి రిప్లై గట్టిగా చదివి వినిపించాను. ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటున్నాడు.